చెల్లని నోటు ఎవరి చేతిలో ఆగవలెను?

ప్రయాణమునకు బయలుదేరువారికి మన యిండ్లలో పెద్దలు చెప్పు జాగ్రత్త యొకటి కలదు: పెద్దనోట్లు లోపలిజేబులో, చిల్లర పైజేబులో ఉంచుకొమ్మని. మూడవ జేబును గూర్చి ఎవరును చెప్పరు గాని, అదియు మనలో చాలమందికి ఉన్నది. ఊరి అంగడిలో ఎవరును పుచ్చుకొనని చిరుగునోటును, అతుకు వేసిన నోటును, మొగము మాసిపోయిన నాణెమును మనము పారవేయము, బ్యాంకునకును తీసికొనిపోము, ప్రయాణములో చెల్లిపోవునులే యని దాచియుంచుదుము. నిత్యము చూచు కూరగాయలవానికి ఇచ్చుటకు సిగ్గుపడు నోటును, మరల చూడబోని వానికి ఇచ్చుటకు సిగ్గుపడము. పొలిమేర దాటగానే ఈ సిగ్గు ఎక్కడికి పోవుచున్నది?

నా సంగతియే చెప్పెదను. 2012వ సంవత్సరమున బరంపురమునుండి విశాఖపట్టణమునకు రైలులో పోవుచుంటిని. ఆ దారిని తిరుగువారికి పలాస స్టేషను తెలిసినదే. బండి ఆగగానే జీడిపప్పు పొట్లములు కిటికీలయొద్దకు వచ్చును. నాయొద్ద ఒక 50 రూపాయల నోటు ఉండెను. నడుమకు రెండుగా చిరిగి, వెనుక అంటుకాగితముతో అతుకబడినది. బజారులో ఎవరో చిల్లరతో కలిపి నాకు అంటగట్టినదే. సందెచీకటి పడుచుండెను. అతుకు లోపలికి వచ్చునట్లు మడిచి ఒక ముసలమ్మకు ఇచ్చితిని. ఆమె మడత విప్పలేదు. “నోటు మంచిదేనా బాబూ?” అని మాత్రము అడిగెను. “మంచిదేనమ్మా” అంటిని. బండి కదలెను.

విశాఖపట్టణము చేరువఱకు నాతో నేనే వాదించుకొంటిని. ఇది నాకును ఇట్లే వచ్చినది గదా! నేను పుట్టించిన నష్టము కాదు గదా! ఆమెయు మఱియొకరికి ఇచ్చును, వారు వేరొకరికి. ఎవరికిని నష్టము లేకుండ నోటు తిరుగుచునే యుండును. ఈ వాదములో సగము నిజము లేకపోలేదు. చిరిగిన నోటు దొంగనోటు కాదు. దానిని చేతులు మార్చుట నేరమును కాదు. అట్లైనచో ఆమె అడిగినపుడు “అతుకున్నదమ్మా, పుచ్చుకొంటావా?” అని నేనెందుకు అనలేదు? అనియుండినచో ఆమె పుచ్చుకొనియుండునేమో! నోటు చిరుగుటలో నా తప్పు లేదు. మడచుటలో ఉన్నది.

తరువాత తెలిసికొన్న సంగతి నన్ను మఱింత బాధించినది. రిజర్వు బ్యాంకు నియమముల ప్రకారము, రెండు ముక్కలును ఒకే నోటువై, ముఖ్యభాగమేదియు పోకుండ అతుకబడినచో అది కేవలము ‘మాసిన నోటు’ క్రింద లెక్క. బ్యాంకు శాఖలో దానికి పూర్తి వెల ఇత్తురు. ముక్క పోయిన నోట్లకు సైతము 2009 నాటి నియమములు దారి చూపినవి: 20 రూపాయలవఱకు గల నోటులో సగమునకు మించిన ఒక్క ముక్క యున్న చాలును, పూర్తి సొమ్ము వచ్చును, 50 రూపాయలును అంతకు పైబడిన నోట్లకు 2018 సవరణ పిమ్మట నూటికి 80 వంతులకు మించిన ముక్కకు పూర్తి వెల, 40 మొదలు 80 వంతులవఱకు సగము వెల. కావున నా నోటు చెల్లనిది కానేకాదు. వరుసలో అరగంట నిలుచుండినచో క్రొత్తనోటు చేతికి వచ్చియుండును. నేను ఆ ముసలమ్మను 50 రూపాయలకు కాదు, అరగంటకు మోసగించితిని. నాకు అరగంట యనగా వార్తాపత్రిక చదువు కాలము. ఆమె బ్యాంకునకు పోయి వచ్చుటయనగా రెండుమూడు బండ్ల బేరము పోవుట.

నోటు ధరించినవానికి ఇంత సొమ్ము చెల్లింతునని గవర్నరు దానిమీద మాట యిచ్చి చేవ్రాలు చేయును. (ఒక రూపాయి నోటుమీద ఆ మాట ఉండదు, దానిని ప్రభుత్వమే వెలువరించును, చేవ్రాలు ఆర్థిక కార్యదర్శిది.) ఆ మాట ఎఱిగినవానికి ఒకటి, ఎఱుగనివానికి ఒకటి కాదు. వెనుకవైపున 15 భాషలలో వెల వ్రాయబడియుండును; తమిళమునకు క్రిందను, ఉర్దూకు పైనను మన తెలుగు. అంగళ్ల పేరుపలకలమీద మన లిపి కానరాని ఊళ్లలో, ఆ పంక్తిని చూపి పిల్లలకు తెలుగక్షరములు గుర్తుపట్టించిన తండ్రులను నేనెఱుగుదును. పేరు తెలియని ఊరిలో, భాష రాని హోటలులో మన ముందు విస్తరి వేయుచున్నారన్నచో ఈ కాగితముమీది నమ్మకమువలననే. తరతరములుగా ఇతర భాషలవారి నడుమ బ్రదుకుచున్న మనకు ఆ నమ్మకము ఎంత పనిచేయునో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ముసలమ్మ మడత విప్పిన పిమ్మట బరంపురము బండివారందఱు ఇంతేయని అనుకొనియుండును. అంతకంటె కష్టమైన దేమనగా, నేను ఆమెతో ఆమె భాషలోనే అబద్ధమాడితిని.

పాత డబ్బును దాచిపెట్టక వాడుకొనుట ఎట్లో మన పూర్వులలో కొందఱకు బాగుగ తెలియును. రాయచూరు, గుల్బర్గా, నాందేడు వైపు మన కుటుంబముల పెద్దలు దీనికి సాక్షులు. నిజాము సంస్థానమున హాలీ సిక్కా, బ్రిటిషు ఇండియాలో కల్దారు రూపాయి. ఏడు హాలీలు ఆరు కల్దార్లకు సమము. నూరు కల్దార్లకు హాలీ రూ. 116-10-8. (నూటపదార్ల కట్నమునకు ఇదియే మూలమని కొందఱందురు. నాకు నమ్మకము లేదు. హాలీ మొగమెఱుగని జిల్లాలలోను నూటపదార్లు చదివించుచుండిరి గదా!) 1950లో భారత రూపాయి అచ్చట ప్రవేశించినది, 1951లో హాలీ వెలువరించుట ఆగినది, 1959లో దాని చెల్లుబడి ముగిసినది. నడిమి కాలమున రెండును కలిసి తిరిగినవి. ఋణపత్రములో ఏ సిక్కాయో వ్రాసికొనుచుండిరి. ధర చెప్పునపుడు హాలీయా, కల్దారా యని తేల్చుకొనవలసియుండెను. ఆ పద్ధతిలోని మేలేమనగా, తన చేతిలోనిది తక్కువ నాణెమని చెప్పుటకు ఎవరును సిగ్గుపడనక్కరలేదు. తగ్గింపు ఎంతయో ఇరువురికిని ముందే తెలిసియుండును.

2016 నవంబరు 8వ తేదీ రాత్రి ఇట్టి వ్యవధి లేకపోయెను. ఆ అర్ధరాత్రినుండి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించినపుడు ఎందఱో నడిదారిలో ఉండిరి. రైల్వే టిక్కెట్ల కిటికీలలో, పెట్రోలు బంకులలో, ప్రభుత్వాసుపత్రులలో కొన్నాళ్లు పాతనోట్లు పుచ్చుకొనిరి. జాతీయ రహదారులమీద డిసెంబరు 2వఱకు సుంకము వసూలు చేయలేదు. కాని భోజనము పెట్టువాడు, బండి తోలువాడు పుచ్చుకొనవలెనన్న నియమము లేదు. అపుడు పాతనోటును ఇవ్వజూపుట తప్పా? తప్పని నేననను. డిసెంబరు 30వఱకు బ్యాంకులో జమచేయు వీలున్నది. అందఱకు సంగతి తెలియును. “ఇదొక్కటే ఉన్నదయ్యా, నీకు వీలైనచో తీసికో” అని అడుగుట యాచనయే గాని మోసము కాదు. అట్లడిగినవారికి ఊరక అన్నము పెట్టి, డబ్బు తరువాత పంపుమన్నవారును కలరు. అదే దినములలో కొందఱు యజమానులు కూలివారికి పాతనోట్లతో ముందుజీతము లిచ్చిరని పత్రికలు వ్రాసినవి. దానిని చదివి కోపము తెచ్చుకొంటిని. కొంతసేపటికి పలాస జ్ఞాపకము వచ్చినది. వారు చేసినదియు తమ వరుసలో ఇతరులను నిలబెట్టుటయే.

ఇచ్చువాని ధర్మము ఇట్లుండగా, పుచ్చుకొనువానికి మాత్రము ధర్మము లేదా? 10 రూపాయల నాణెము 14 రూపములలో నున్నదనియు, అన్నియు చెల్లుననియు రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో స్పష్టముగా ప్రకటించినది. అయినను ఒక ఊరిలో చెల్లిన నాణెము పక్క ఊరి బస్సులో చెల్లకపోవుట మనము చూచినదే. 2023 మేనెలలో 2000 రూపాయల నోటును ఉపసంహరించినపుడు దాని చట్టబద్ధత పోలేదని చెప్పిరి, అంగడివాడు వినలేదు. ఇప్పుడు నగదుకే ఆ గతి పట్టుచున్నది. ఫోనుతో చెల్లించుటకు అలవాటుపడిన టీకొట్టులో, ఫోను లేని వృద్ధుడు 500 నోటు చూపినచో చిల్లర లేదందురు. చిల్లర లేకుండుట నిజమే కావచ్చును. కొట్టువానిని నేను తప్పుపట్టను. అయితే త్రాగకముందు ఆ మాట చెప్పుట వేరు, త్రాగిన పిమ్మట పదిమందిలో చెప్పుట వేరు. మొదటిది బేరము. రెండవది అవమానము.

ఆ తరువాత పలాస మీదుగా పలుమాఱులు పోతిని. చీకటిలో ఒక్కక్షణము చూచిన మొగము గుర్తుపట్టుట సాధ్యము కాలేదు. వేరొకామెకు 50 రూపాయలు ఎక్కువ ఇచ్చినచో ఋణము తీరునా యని ఆలోచించితిని. తీరదని తోచి మానుకొంటిని. అప్పు ఒకరిది, ఇచ్చుట మఱొకరికి.

మొన్న ఒక అతుకునోటు మరల నా చేతికి వచ్చినది. బ్యాంకునకు తీసికొనిపోయితిని. గుమాస్తా దానిని వెలుతురునకు పట్టి చూచి, ఏమియు అడుగక క్రొత్తనోటు ఇచ్చెను. అరగంట కూడ పట్టలేదు, పండ్రెండు నిమిషములు.