అద్దె గదిలో అమానతు

కోహీర్ చౌరస్తా మీదుగా పోయే రహదారి ఒక దిక్కున పుణెకు వెళ్తుంది. మరో దిక్కున హైదరాబాదు, విజయవాడలు దాటి మచిలీపట్నంలో ఆగిపోతుంది. ఒకప్పుడు అది 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి. జామతోటల మధ్య పెరిగిన మా పిల్లలకు ఈ రోడ్డు చివర సముద్రం ఉందన్న మాటే ఒక వింత. చూపించమని ఏళ్ళ తరబడి పోరుతుంటే, మొన్నటి చలికాలం సెలవుల్లో బావమరిది కుటుంబంతో కలసి బయలుదేరాము. బందరు నుండి మంగినపూడి వెళ్ళే దారిలో, పాత పెంకుటింటి గదులను యాత్రికులకు అద్దెకిచ్చే ఒక మామ్మగారి వద్ద రెండు రాత్రులు ఉన్నాము. నమాజుకు పడమర ఎటో మేము అడగకముందే ఆమె చూపించి, వరండా ఊడిపించి పెట్టారు.

ప్రయాణ ముచ్చట్లు చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ రెండు రోజుల్లో మా నడవడిలో మాకే కనబడిన ఒక లోపాన్ని పాఠకుల ముందుంచాలనుకుంటున్నాము.

కోహీర్‌లో నీటి విలువ మాకు తెలియనిది కాదు. వేసవి వస్తే బోర్లు ఎండుతాయి. ఇంట్లో కుళాయి చుక్క చుక్కగా కారినా లేచి వెళ్ళి కట్టేస్తాము. అలాంటి మేము అక్కడ సముద్రంలో ఆడివచ్చి, ఒంటికంటిన ఉప్పు పోయేదాకా బకెట్ల మీద బకెట్లు కుమ్మరించుకున్నాము. పగలంతా ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరిగింది. ఇసుక కాళ్ళతో పిల్లలు దుప్పట్ల మీదికెక్కితే వద్దని ఎవరమూ అనలేదు. రెండోరోజు ఉదయం మామ్మగారు మనిషిని పెట్టి మంచినీళ్ళ డబ్బాలు ఊళ్ళో నుండి మోయించుకోవడం చూశాక గానీ మాకు సిగ్గు కలగలేదు. ఇంట్లో కుళాయి కట్టేసిన చేయి ఇక్కడ ఎందుకు కదలలేదు? ఇక్కడ బిల్లు మనది కాదు గనుక!

అయితే ఇంట్లో మేము చూపిన జాగ్రత్త అమానతు పాటించడమేనా? తన సొమ్మును కాపాడుకోవడానికి దైవభీతి ఏమీ అక్కరలేదు, దైవాన్ని నమ్మనివాడూ కాపాడుకుంటాడు. మనది కానిది మన చేతికొచ్చినప్పుడే అమానతుకు అసలు పరీక్ష. ఆ పరీక్షలో మేము తప్పామని ఒప్పుకోవలసిందే.

తిరుగు ప్రయాణంలో సూర్యాపేట వద్ద టీ తాగడానికి ఆగినప్పుడు, మా చిన్నవాడి తడిబట్టలు ఒక కొత్త తువ్వాలులో చుట్టి ఉండడం చూశాము. వరండా తీగ మీద ఆరేసి ఉంటే తీసుకున్నాడట. బావమరిది నవ్వేశాడు. "బావా, రెండు రోజుల అద్దె కట్టాం. ఇవన్నీ లెక్కేసుకునే కదా వాళ్ళు అద్దె పెట్టేది!" అన్నాడు. ఈ మాట చాలామంది అంటారు. అందుకే జవాబు కాస్త వివరంగా చెప్పుకోవాలి.

షరీఅత్‌లో అద్దె ఒప్పందాన్ని ‘ఇజారా’ అంటారు. అద్దెదారుడు కొనేది వస్తువును కాదు, నిర్ణీత కాలానికి దాని ప్రయోజనాన్ని మాత్రమే. గది, మంచం, బకెట్టు యజమాని సొత్తుగానే ఉంటాయి. అద్దెదారుడి చేతిలో అవి అమానతు అని ఫిఖా పండితులు అంటారు. అంటే మామూలు వాడకంలో అరిగినా, తన ప్రమేయం లేకుండా పాడైనా అతనిపై బాధ్యత లేదు. హద్దు మీరినా, అశ్రద్ధ చేసినా మాత్రం నష్టపరిహారం చెల్లించాలి. ఇక ఇంటికి పట్టుకుపోవడం ఏ ఒప్పందంలోనిది? యజమాని లోలోపల ఏమి లెక్కేసుకున్నాడో మనం ఊహించి, ఆ ఊహను అనుమతిగా మార్చుకోలేము కదా.

దివ్యఖుర్‌ఆన్‌లో ‘నూర్’ సూరా 27, 28 ఆయతులు ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా ప్రవేశించవద్దంటాయి. 29వ ఆయతు మాత్రం, ఎవరూ కాపురముండని, మనకు ఉపయోగపడే కట్టడాల్లోకి వెళ్ళడంలో దోషం లేదని వెసులుబాటు ఇస్తుంది. సిరియా వర్తకమార్గంలోని సత్రాల సంగతేమిటని హజ్రత్ అబూబక్ర్ (రజి) అడిగిన సందర్భంలో ఇది అవతరించిందని కొన్ని తఫ్సీర్లలో ఉంది. ఈ వెసులుబాటు ఇచ్చిన వెంటనే, మీరు బయటపెట్టేదీ దాచేదీ అల్లాహ్‌కు తెలుసునన్న హెచ్చరికతో ఆ ఆయతు ముగుస్తుంది. కాపలా లేని చోటికి అంతకంటే తగిన కాపలా ఏముంటుంది?

మనం వెళ్ళిన ఈ దారిలోనే హయత్‌నగర్ ఉంది. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగం అక్కడ కట్టించిన మసీదు చుట్టూ నూటికి పైగా గదులతో సరాయి ఉంది. మచిలీపట్నం రేవుకు వెళ్ళే వర్తకులు, ఓడ ఎక్కే హజ్ యాత్రికులు నడిచిన దారి ఇదే. ఈ రాత్రి ఒకరు పడుకున్న గదిలో రేపు మరొకరు పడుకుంటారు. బల్ఖ్ పాలకుడు ఇబ్రాహీం బిన్ అద్‌హమ్ (రహ్మ) రాజభవనాన్ని ఒక అపరిచితుడు సరాయి అన్న కథ మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. లోకంలో బాటసారిలా ఉండమని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి)కు బోధించిన హదీసు బుఖారీలో ఉంది. వీటిని విని చాలామంది ‘ఎలాగూ పోయేవాళ్ళమే, దీనిమీద మనసు పెట్టడమెందుకు’ అనే అర్థం తీస్తారు. మనసు పెట్టవద్దనడం సరే, అశ్రద్ధగా వాడమని ఎవరు చెప్పారు? మన వెనుక మరొక బాటసారి వస్తున్నాడు. ప్రయాణికుడికి నమాజులో ఖస్ర్ ఉంది, ఉపవాసం వాయిదా వేసుకునే వీలుంది. అమానతులో మాత్రం ఖస్ర్ లేదు.

ఖైబర్ యుద్ధప్రాప్తి నుండి ఒక దుప్పటి దాచుకున్న వ్యక్తి గురించి దైవప్రవక్త (సఅసం) ఎంత తీవ్రంగా హెచ్చరించారో విని, ఒకతను భయపడి చెప్పుల వారు తెచ్చి ఇచ్చాడని హదీసులో ఉంది. అది ఉమ్మడి సొత్తుకు సంబంధించిన విషయం, లాడ్జి తువ్వాలుకు అదే తీర్పు అని మేము అనడం లేదు. అయితే చెప్పుల వారును చిన్న వస్తువని అతను అనుకోలేదు, అది మాత్రం మనకు పాఠమే.

కోహీర్ చేరగానే మామ్మగారికి ఫోను చేసి క్షమాపణ కోరాము. తువ్వాలు పార్శిలు చేస్తామని, వృథా చేసిన నీళ్ళకు కొంత డబ్బు పంపుతామని చెప్పాము. ఆమె చాలాసేపు నవ్వి, "నీళ్ళకు డబ్బులేంటి బాబూ, పిల్లలన్నాక ఆడుకోరూ! ఆ తువ్వాలు మాది కాదు. మీకంటే ముందొచ్చినవాళ్ళు మర్చిపోయారు. అడిగితే ఇద్దామని ఉతికి ఆరేశాను" అన్నారు.

ఇప్పుడది దొరికిన వస్తువు, ‘లుఖ్తా’ అయ్యింది. దొరికిన వస్తువు గుర్తులు తెలుసుకుని ఒక సంవత్సరం ప్రకటించమని హజ్రత్ జైద్ బిన్ ఖాలిద్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. స్వల్ప విలువగల వాటికి అంత గడువు అక్కరలేదని పండితులు అన్నారు. అయినా ఆమె భద్రపరచిన దానిని మేము వాడుకోవడం మాకు నచ్చలేదు. తువ్వాలు ఉతికి, మా చిన్నవాడి చేతనే మడత పెట్టించి, జహీరాబాద్ పోస్టాఫీసు నుండి మామ్మగారి పేరిట పంపాము. పార్శిలు ఖర్చు తువ్వాలు ధర కంటే ఎక్కువైందని బావమరిది ఇప్పటికీ దెప్పుతుంటాడు.