వంతు ఎవరిది?

"అసలు ఆ పదవి ఎల్ఫిన్‌స్టన్‌కి ఎందుకిచ్చారో ముందు చెప్పు" అన్నారు శేషగిరి. ఆయన సర్వీసంతా సీనియారిటీ జాబితాల మధ్యే గడిచింది. అన్నగారి కూతురు రాధ కాలేజీలో చరిత్ర చెబుతుంది. మాట 1841 నాటి కాబూల్‌లోని బ్రిటిష్ సైన్యం మీదికి, దాని సేనాని ఎల్ఫిన్‌స్టన్ మీదికి మళ్లింది.

"గవర్నర్ జనరల్ ఆక్లండ్‌కి తెలిసినవాడు, హోదా ఉన్నవాడు. వాటర్‌లూలో రెజిమెంటును నడిపించాడు కూడా, కాకపోతే అది 1815 మాట. కాబూల్ చేరేసరికి అరవైకి దగ్గరపడ్డాడు, కీళ్లజబ్బుతో కదల్లేడు. కాందహార్‌లో విలియం నాట్ ఉన్నాడు. సిపాయిలతో దశాబ్దాలు పనిచేసినవాడు. కానీ ఈస్టిండియా కంపెనీ సైన్యం మనిషి, పైగా నోటి దురుసు. పెద్దలకు రాణిగారి సైన్యం వాళ్లే ముద్దు, బాబాయ్."

ఆ రాణిగారి సైన్యంలో చాలా పదవులు డబ్బు పెట్టి కొనుక్కున్నవే. కాలాళ్ల రెజిమెంటులో లెఫ్టినెంట్ కర్నల్ పదవికి అధికారిక ధర 4,500 పౌండ్లు. ఆ పద్ధతి 1871 దాకా సాగింది. కంపెనీ సైన్యంలో కొనుగోలు లేదు, ప్రమోషన్లు వరసలో వచ్చేవి.

"మరి వరసే నయం కదమ్మా? అది తీసేస్తే పైవాడికి నచ్చినవాడే కుర్చీ ఎక్కుతాడు."

తేలిగ్గా తోసిపుచ్చే వాదన కాదిది. అండ లేనివాడికి వరసే అండ.

"వరస అన్యాయాన్ని ఆపుతుంది, ఒప్పుకుంటాను. అసమర్థుణ్ని ఆపదు. ధాన్యం కోట సంగతి చూడండి" అంది రాధ.

నవంబరు 2న నగరం తిరగబడింది. సైన్యం తిండిగింజలు దండు విడిదికి బయట ఓ చిన్న కోటలో ఉన్నాయి. కాపలాకి ఎన్‌సైన్ హోదా చిన్న అధికారి వారెన్, కొద్దిమంది సిపాయిలు. సాయం పంపమని అతను కబురు మీద కబురు పెట్టాడు. ఎల్ఫిన్‌స్టన్ వచ్చినవాడి సలహా వచ్చినట్టల్లా విన్నాడు, ప్రతిసారీ మనసు మార్చుకున్నాడు. చివరికి వారెన్ గోడకి కన్నం పెట్టి మనుషులతో బయటపడ్డాడు. గింజలు దోపిడీ అయ్యాయి. ఇక రెండో అధికారి షెల్టన్! సమాలోచనలకి పరుపుచుట్ట తెచ్చుకుని నేలమీద పడుకునేవాడు.

"తనని తప్పించమని ఎల్ఫిన్‌స్టనే అడిగాడు కదా. మరి తప్పు కూర్చోబెట్టినవాడిది."

"చేతకాదని తెలిసీ ఒప్పుకున్నవాడిది కాదా? సరే, చెరిసగం అనుకుందాం. శిక్ష మాత్రం వేరేవాళ్లకి పడింది."

1842 జనవరి 6న కాబూల్ వదిలి మంచులో జలాలాబాద్‌కి బయల్దేరినవాళ్లు దాదాపు 4,500 మంది సైనికులు, 12,000 మంది పనివాళ్లు, వాళ్ల కుటుంబాలు. సైనికుల్లో ఎక్కువమంది సిపాయిలే. తల నెరిసిన సుబేదారైనా నిన్న ఓడ దిగిన తెల్ల ఎన్‌సైన్‌కి కిందివాడే. సేనాని ఎవరైతే బాగుంటుందని వాళ్లని అడిగే ప్రశ్నే లేదు. ఆ దండు దారిలోనే నాశనమైంది. వారానికి జలాలాబాద్ చేరిన డాక్టర్ బ్రైడన్ తైలవర్ణచిత్రానికి ఎక్కాడు. చలికి కాళ్లూ వేళ్లూ పోయిన సిపాయిలు కాబూల్ వీధుల్లో బిచ్చమెత్తారు.

శేషగిరి కాసేపు మాట్లాడలేదు. "ఎల్ఫిన్‌స్టన్ ఏమయ్యాడు?"

"ఏప్రిల్‌లో బందీగానే పోయాడు."

"ఆ ఆక్లండో?"

"ఇంగ్లండ్ వెళ్లాడు. 1846లో నౌకాదళం శాఖ అప్పజెప్పారు."

"అది ఏ వరసలో ఇచ్చారమ్మా?" అన్నారు శేషగిరి.