నొప్పి తెలియని అవయవము



మార్కు సువార్త మొదటి అధ్యాయంలోని కుష్ఠరోగిని ప్రభువు మాటతోనే బాగుచేయగలడు. అయినా ముందు చేతితో ముట్టాడు. ఈ భాగం మీద నేను చాలాసార్లు వాక్యం చెప్పాను. చెప్పడానికి నాకు ఎంత అర్హత ఉందో ఈసారి ఒప్పుకోవాలి.

టీచర్ ట్రైనింగ్ ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. నా తరగతిలో ఒక పిల్లవాడికి మోచేతి మీద పాలిపోయిన మచ్చ ఉండేది. గిల్లినా తెలిసేది కాదు. వాణ్ణి కిటికీ పక్కన ఒంటరిగా కూర్చోబెట్టాను, నీళ్ల గ్లాసు వేరు చేశాను. సంక్రాంతి సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. నేను వెదకలేదు.

రాయవేలూరు మిషన్ ఆసుపత్రికి వెళ్లిరాని కుటుంబం మనలో తక్కువే. అక్కడి మెడికల్ కాలేజీకి 1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ వచ్చారు. కొల్లి కొండల్లో సేవచేసిన బాప్టిస్టు మిషనరీల కుమారుడాయన. కుష్ఠులో మాంసమే కుళ్లి వేళ్లు రాలిపోతాయని అప్పట్లో చదువుకున్నవారు కూడా నమ్మేవారు. బ్రాండ్ గారు, ఆయన తోటివారు నరాలను, పుండ్లను పరీక్షించి చూస్తే సంగతి వేరుగా ఉంది. రోగక్రిమి నరాల్లో చేరుతుంది. అందులోనూ నరం చర్మానికి దగ్గరగా, చల్లగా ఉండే మోచెయ్యి, మణికట్టు, చీలమండ దగ్గర. క్రిమిని ఎదిరించబోయి శరీరం తెచ్చుకున్న వాపుకే నరం నలిగి చచ్చిపోతుంది. ఇక వేడి గిన్నె పట్టుకున్నా, కాలిలో మేకు దిగినా ఆ మనిషికి తెలియదు, దాని మీదే నడుస్తాడు. అదే అరికాలి పుండుకు పిండికట్టు వేసి కదలకుండా ఉంచితే, మీ పుండు, నా పుండు మానినట్టే మానింది! కొందరికి రాత్రికి రాత్రే వేలి ముక్క పోయేది. కాపలా కాస్తే ఎలుకలని తేలింది. అప్పటినుండి రోగులకు తోడుగా పిల్లుల్ని ఇచ్చారు.

వేలూరు దగ్గర కరిగిరిలో 1955లో కుష్ఠు పరిశోధన ఆసుపత్రి వెలిసింది. అక్కడి పనివారు గుడియాత్తం తాలూకా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి మచ్చలున్నవారిని వెదికారు. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇమ్మని చెప్పింది. ఇప్పుడు ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. మందు మొదలైన కొద్ది రోజులకే అంటడం ఆగిపోతుంది. అయినా మన దేశంలో ఏటా సుమారు లక్షమందిలో ఈ వ్యాధి కొత్తగా బయటపడుతూనే ఉంది.

సంఘమనే శరీరంలో ఒకరి బాధ అందరికీ తెలియాలని పౌలు కొరింథీయులకు వ్రాశాడు. ఆ పిల్లవాడు బడి మానినప్పుడు నాకేమీ తెలియలేదు.

నాకు పదిహేనేళ్లుగా షుగరు. (మన సంఘాల్లో ఎవరికి లేదు గనుక!) పోయిన ఏడాది డాక్టరు నా అరికాలికి నైలాన్ దారం తాకించి, తెలిసినప్పుడు చెప్పమన్నారు. తాకించారని నాకు తెలియనే లేదు. అందుకని రాత్రి కుటుంబ ప్రార్థన కాగానే నా భార్య దీపం దగ్గరకు జరిపి నా పాదాలు పట్టుకుని చూస్తుంది. వేళ్ల సందులు కూడా విడదీసి చూస్తుంది. ఆ సమయంలో నాకు ఆ కిటికీ పక్కన బల్ల కనిపిస్తుంది.