అంచు మీద పేరు ఎవరిది?

ఫ్యాషన్ విద్య చరిత్రను 1841 నాటి పారిస్ నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. అలెక్సీ లవీన్ అనే దర్జీ ఆ ఏడు అక్కడ ఒక బడి పెట్టాడు. ఈనాటి ఎస్మోడ్ సంస్థకు మూలం అదే. మెత్తగా వంగే కొలత టేపునూ, బట్ట తొడిగి చూసుకునే బొమ్మనూ రూపొందించిన ఘనత కూడా ఆయనకే ఇస్తారు. తర్వాత ఆ బడి కూతురు అలీస్ చేతికొచ్చింది. గెర్-లవీన్ అనే ఆమె ఇంటిపేరుతోనే చాలాకాలం నడిచింది. అయినా చరిత్ర చెప్పేవాళ్ల రెండో వాక్యంలోగానీ ఆమె రాదు. ఒక్కోసారి అందులోనూ రాదు.

ఆ టేపు నన్ను ఆలోచనలో పడేస్తుంది. అంతవరకూ దర్జీ కంటికీ చేతికీ మాత్రమే తెలిసిన విషయం దానితో అంకె అయింది. అంకెను పుస్తకంలో రాయొచ్చు, పాఠం చెప్పొచ్చు, పరీక్ష పెట్టొచ్చు, పట్టా ఇవ్వొచ్చు. పట్టా ఉన్న మనిషి తన పని కింద తన పేరు రాసుకోవచ్చు. డిజైన్ బడి నేర్పే విద్యలు ఎన్నున్నా, అది ఇచ్చే అసలైన హక్కు ఇదేననిపిస్తుంది.

మన దేశంలో 1986లో జౌళి మంత్రిత్వశాఖ ఢిల్లీలో నిఫ్ట్‌ను స్థాపించింది. న్యూయార్క్‌లోని ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ సహకారం అందించింది. 1995లో హైదరాబాద్ కేంద్రం వచ్చింది. 2006 నాటి చట్టంతో డిగ్రీలిచ్చే అధికారమూ దక్కింది. దీన్ని నేను తేలిగ్గా తీసెయ్యలేను. కుట్టూ అల్లికా మన ఇళ్లలో పెళ్లిచూపుల నాటి అర్హతలు. "పిల్లకు కుట్టుపని కూడా వచ్చు" అన్న మాటలో ఆ "కూడా" ఎంత బరువైనదో మనకు తెలుసు. అదే పనిని వృత్తిగా చేసి, జీతం తెచ్చుకుని, "ఇది నా డిజైన్" అనగలగడం ఆడపిల్లకు చిన్న విముక్తి కాదు.

అయితే ఆ ఒక్క పేరు కింద ఇంకెన్ని పేర్లు మడతపడి ఉన్నాయన్నదే నా ప్రశ్న. ఆ ప్రశ్నతో లేపాక్షికి రావాలి.

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని ఈ వీరభద్రాలయం పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో రూపుదిద్దుకుంది. దాని పైకప్పు చిత్రాల్లో పార్వతీ కల్యాణమూ ఉంది, కిరాతార్జునీయమూ ఉంది. కథల్ని కాసేపు పక్కనపెట్టి చీరల్నే చూడండి. చారలు, గళ్లు, చుక్కలు, పువ్వులు, రెక్కల్లా విచ్చుకున్న కుచ్చెళ్లు. ఇద్దరు స్త్రీలు పక్కపక్కన నిలబడితే ఇద్దరివీ వేర్వేరు నేతలు. లతామండప స్తంభాల మీద చెక్కిన లతలూ అల్లికలూ నేటికీ చీర అంచులకు నమూనాలు. "లేపాక్షి డిజైన్" అంటే కొట్టులో అందరికీ తెలుసు. ప్రభుత్వ హస్తకళల దుకాణాలకు కూడా లేపాక్షి అనే పేరు.

గుడి కట్టించిన పెనుకొండ అధికారి విరూపణ్ణ పేరు శాసనాల్లో ఉంది. అన్నదమ్ములిద్దరి బొమ్మలూ పొడవాటి కుళ్లాయిలతో పైకప్పు మీదే ఉన్నాయి. ఆ బొమ్మలు గీసినవాళ్ల పేర్లు మనకు అందలేదు. చిత్రకారులు చూసి గీసిన ఆ చీరల్ని నేసినవాళ్ల పేర్ల సంగతి సరేసరి. ఆ నేతకు నూలు సిద్ధం చేసినవాళ్లు ఎవరికీ తలపునకైనా రారు.

అలాంటప్పుడు ఈనాటి విద్యార్థిని ఆ స్తంభం మీది లతను కాగితం మీదికి దించుకుంటే తప్పేమిటి? చిత్రకారుడు నేతను చూసి గీశాడు, నేతగాడు శిల్పాన్ని చూసి నేశాడు. హంసా లతా మామిడిపిందే ఎవరి సొత్తు? ఈ వాదంలో బలముంది. నమూనాలకు కంచెలు వేస్తే ముందు నష్టపోయేది నేతగాళ్లే. కాబట్టి దీన్ని దొంగతనం అనను. అప్పు అంటాను. దొంగసొత్తు తిరిగి ఇచ్చేస్తే సరిపోతుంది. అప్పును మాత్రం ముందు ఒప్పుకోవాలి, ఎవరికి బాకీ ఉన్నామో తెలుసుకోవాలి.

ఎవరికి? లేపాక్షి అంచులు పట్టులోకి ఎక్కే ధర్మవరంలో మా అమ్మమ్మ యాభై ఏళ్లు కండెలు చుట్టింది. తెగిన పోగులు అతికింది. రాట్నం దగ్గర కూర్చునే, పేక రంగు చూసి, "ఈ అంచుకు ఈ ఒడలు నప్పదు, రేపు పొద్దున వెలుతుర్లో పెట్టి చూడండి" అనేది. తాతయ్య మార్చేవాడు. రంగు ఎంచడం, పొంతన చూడటం, వద్దని చెప్పడం: బడిలో వీటికి డిజైన్ అని పేరు, మార్కులు. మా ఇంట్లో "సాయం" అని పేరు. ఎవరైనా అడిగితే ఆమే చెప్పేది, "నేనేం చేస్తానమ్మా, ఇంట్లో ఉంటాను."

మాటల్లో వచ్చే ఈ తేడా మాటల దగ్గరే ఆగదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నేతన్న నేస్తం పథకం సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి రూ.24,000 ఇచ్చింది. మగ్గం ఎవరిదో వాళ్లే నేత అన్నది దాని లెక్క. ఇంటింటికీ తిరిగి కూలికి కండెలు చుట్టే స్త్రీ ఏ లెక్కలోకి వస్తుంది? 2019-20 జాతీయ చేనేత గణనలో 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికులు తేలారు. వాళ్లలో 70 శాతానికి పైగా స్త్రీలే. అయినా మన భాషలో నేతన్న ఉన్నాడు, నేతక్క ఇంకా నాలుకకు అలవాటు కాలేదు.

చట్టాలు ఆదుకుంటాయా? 2000 నాటి డిజైన్ల చట్టం కొత్త నమూనాకు పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు రక్షణ ఇస్తుంది. పాత అంచుకు ఇవ్వదు. ధర్మవరం పట్టుచీరలకూ పావడాలకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది కాపాడేది ఊరి పేరును. ఊళ్లోని ఇంట్లో, ఆ ఇంటి వెనక గదిలో ఉన్న మనిషి పేరు దానికి అందదు.

మరో దారి ఉందని ఆలేరు చూపించింది. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి తల్లి చెయ్యి వేలసార్లు ఆడించి నొప్పితో బాధపడటం చూసి, చింతకింది మల్లేశం ఏళ్లతరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రం తయారుచేశాడు. దానికి ఆమె పేరే పెట్టాడు, లక్ష్మి అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ పేరు పెట్టడం మాతృభక్తిగా మెచ్చుకుని వదిలేస్తాం. నాకది ఖచ్చితమైన జమాఖర్చులా కనిపిస్తుంది. ఆ యంత్రానికి తెలిసిన కదలికలన్నీ ముందు ఆమె భుజానికి తెలిసినవే.

పరిశోధక వ్యాసంలో ఒక్క వాక్యం తీసుకున్నా ఎవరిదో చెప్పాలని మన విశ్వవిద్యాలయాలు నేర్పాయి. ఆ నియమం కాగితం దగ్గర ఆగిపోయి పట్టు దగ్గరికి రాకపోవడానికి కారణం ఏముంది? చేనేత గ్రామాలకు వెళ్లి నెలరోజులుండి వచ్చే విద్యార్థినుల ప్రదర్శనలో, చీర పక్కన చిన్న చీటీ మీద నాలుగు వరుసలు రాయొచ్చు: గీసినది, రంగు చెప్పినది, కండెలు చుట్టినది, నేసినది. నాలుగు పేర్లు, నాలుగు కూలి రేట్లు. పేరు కడుపు నింపదు, నిజమే. కానీ పేరు లేని పనికి రేటు అడగడం ఎవరి తరమూ కాదు.