ఇద్దరు మరియమ్మలు



చదువు ముగిసే ముందు ఆరు నెలలు ఏదైనా కంపెనీలో పని నేర్చుకోవాలని మా కాలేజీ నియమం. నాకు చెన్నైలో, తరమణి దగ్గర ఒక స్టార్టప్‌లో ఇంటర్న్‌గా చోటు దొరికింది. పన్నెండు మంది ఒకే హాలులో కూర్చుని పనిచేసే చిన్న కంపెనీ అది. పల్లెల్లో, పేటల్లో ఆడవారికి చిన్న అప్పులిచ్చే సంస్థల జాబితాలను కలిపి, ఎవరికి ఎక్కడ ఎంత బాకీ ఉన్నదో చూపడం వారి వ్యాపారం. నాకు అప్పగించిన పని వినడానికి చిన్నదే. రెండు జాబితాలలోనూ ఉన్న ఒకే మనిషిని గుర్తుపట్టి, ఆ రెండు వరుసలను ఒకటిగా చేయాలి.

ఆ పని చేస్తుండగా ఒక ప్రశ్న నన్ను పట్టుకున్నది. ముఖమైనా చూడని ఇద్దరిని 'వీరు ఒక్కరే' అని నేను తీర్పు చెబుతున్నాను. ఆ తీర్పు తప్పయిన యెడల జవాబు చెప్పవలసినది ఎవరు? నేనా, కంపెనీయా, కంప్యూటరా?

మన పేర్ల సంగతి మీకు తెలిసినదే. తమిళుల పేరు ముందుండే పొడి అక్షరం తండ్రి పేరుది, మనది ఇంటిపేరుది. పెళ్లయ్యాక వారి ఆడవారికి ఆ అక్షరం మారి భర్త పేరుది వస్తుంది, మన ఆడవారికి ఇంటిపేరే మారుతుంది. లక్ష్మిని ఇంగ్లీషులో ఒకరు ఎక్స్‌తో రాస్తారు, ఒకరు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు. ఈ చిక్కు విప్పడానికి పాత పద్ధతులు లేకపోలేదు. 1918లో అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన, ఒకేలా పలికే పేర్లను ఒకచోట చేర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. అయితే అది ఇంగ్లీషు నాలుకకు కుదిరిన పద్ధతి. మన మరియమ్మలకు, సుందరమ్మలకు సరిపోదు. అందుచేత పేరుకు కొన్ని మార్కులు, ఊరికి కొన్ని, పుట్టిన తేదీకి కొన్ని, భర్త పేరుకు కొన్ని పెట్టి, మొత్తం నూటికి లెక్క వచ్చేట్టు నేను ప్రోగ్రాం రాశాను.

పుస్తకాలు వెదుకుతుంటే 1969 నాటి ఒక వ్యాసం సంగతి తెలిసింది. కెనడా గణాంక శాఖలో పనిచేసిన ఇవాన్ ఫెలెగీ, ఆలన్ సంటర్ రాసినది. ఈ పనికి శాస్త్రీయమైన పునాది వేసినది అదే. వారు జతలను మూడు బుట్టలుగా విడదీశారు. ఒక్కరే అన్నవి ఒక బుట్ట, వేరువేరు అన్నవి ఒక బుట్ట, తెలియడం లేదు అన్నవి మూడవ బుట్ట. ఆ మూడవ బుట్టను గుమాస్తా కూర్చుని, కాగితాలు చూసి తేల్చాలి. నేనూ అలాగే చేశాను. 95 దాటితే ఒక్కరే, 70కి లోపయితే వేరు, నడుమ ఉన్నవి అనుమానం.

మా టీమ్ లీడర్ మంచివాడు. మధ్యాహ్నం నేను తినలేదని తెలిస్తే తన డబ్బా విప్పి సగం పెట్టేవాడు. ఆయన నా లెక్క చూసి, "తమ్ముడూ, ఈ మూడో బుట్టను చూడడానికి మనిషిని పెడితే జీతం ఎవరిస్తారు? ఒక గీత గీయి, చాలు" అన్నాడు. నేను 85 దగ్గర గీత గీశాను. పని వేగంగా నడిచింది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ రాత్రి హాస్టల్‌లో, ఏదో సరదాకు, మా ఇంటివారి వివరాలు రాసి ప్రోగ్రాం నడిపాను. మా అమ్మ పేరు మరియమ్మ. మా చిన్నాన్న భార్య పేరూ మరియమ్మే. పేటలో ఒకరిని పెద్ద మరియమ్మ అని, ఒకరిని చిన్న మరియమ్మ అని పిలుస్తారు గాని, కార్డులో పెద్ద, చిన్న ఉండవు. ఇంటిపేరు ఒకటే, వీధి ఒకటే. ఇద్దరికీ పుట్టిన తేది తెలియదు గనుక, ఎవరో సంవత్సరం అంచనా వేసి, జనవరి 1 అని రాశారు. భర్తల పేర్లు మాత్రం వేరు. కాని చాలా వరుసలలో భర్త పేరు గడి ఖాళీగా ఉన్నందున, దానికి నేను తక్కువ మార్కులు పెట్టాను. లెక్క 88 వచ్చింది. మా అమ్మ, పిన్ని ఒక్కరైపోయారు.

ఆ ఏడు జబ్బు చేసి పిన్ని రెండు వాయిదాలు కట్టలేదు. మా అమ్మ ఎన్నడూ వాయిదా తప్పలేదు. నా చివరి సంవత్సరం ఫీజు ఆమె అటువంటి అప్పుతోనే కట్టింది. నా ప్రోగ్రాం ఆ రోజు ఉండి ఉంటే ఆమెకు అప్పు పుట్టేది కాదు. ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పేవారూ కాదు.

ఇది ఊహ మాత్రమే కాదు. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే ప్రభుత్వ వ్యవస్థ పలు శాఖల జాబితాలను ఇలాగే కలిపి, సంక్షేమ పథకాలకు ఎవరు అర్హులో చూపేది. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుని పేరు కారున్న వేరొకరి పేరును పోలి ఉండగా, ఆ కుటుంబానికి రేషన్ కార్డు పోయింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ విచారించమని ఆదేశించింది. ఆ విచారణలో 15 వేలకు పైగా దరఖాస్తులు అర్హమైనవని తేలింది.

నన్ను నేను సమర్థించుకోవడానికి మూడు మాటలు దొరికాయి. మొదటిది, చెప్పినట్టు చేశాను అని. కాని గీత గీయమన్నారే గాని 85 అని ఎవరూ చెప్పలేదు. ఆ అంకె నా చేతిది. పైవాడు కిందివాని మీద, కిందివాడు పైవాని మీద పెడితే, తప్పు నడుమ గాలిలో ఉండిపోతుంది. దెబ్బ మాత్రం ఎవరో ఒకరి వీపు మీద పడుతుంది.

రెండవది, తప్పులు నూటికి కొన్నే గదా అని. నిజమే. అయితే ఆ కొన్ని అందరికీ సమానంగా పడవు. పాన్ కార్డు, పాస్‌పోర్టు, సరైన పుట్టిన తేది ఉన్నవాడు ఎప్పుడూ వేరుగానే కనబడతాడు. పది మందికి ఉన్న పేరు, అంచనా తేది, ఖాళీ గడులు ఉన్నవారే ఒకరిలో ఒకరు కలిసిపోతారు.

మూడవది, మనిషి మాత్రం పొరపడడా అని. పొరపడతాడు. మన పెద్దలు కూలికి వలస వచ్చిన రోజులలో మస్టరు రోలులో పేరు తప్పు పడితే ఆ రోజు కూలి పోయేది. కాని అక్కడ ఒక కిటికీ ఉండేది. వెళ్లి అడగవచ్చు, పోట్లాడవచ్చు, సాక్షిని తేవచ్చు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, మన వివరాలు సరిదిద్దించుకునే హక్కును పేర్కొన్నది. అయితే తన పేరు ఎక్కడ, ఎవరితో కలిసిందో తెలియని మనిషి ఏ కిటికీకి వెళ్లి అడుగుతుంది?

మరునాడు టీమ్ లీడర్‌కు ఇద్దరు మరియమ్మలను చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు మూడవ బుట్టను తిరిగి పెట్టనిచ్చాడు. ప్రతి అనుమానపు జత పక్కన కారణం కూడా రాసే ఏర్పాటు చేశాను. దానిని కూర్చుని చూసే మనిషిని మాత్రం నా ఆరు నెలలు ముగిసేనాటికి ఇంకా పెట్టలేదు. నేను చేయగలిగినది అంతే. అది చాలదని నాకు తెలుసు.

తెలియదు అని ఒప్పుకోవడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు మనం పెట్టుకోకపోతే మానుతుందా? మానదు. పెద్ద మరియమ్మ కడుతుంది. మన పిల్లలు అనేకులు ఈ నగరంలో ఇటువంటి పనులు చేస్తున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు జీతమెంత అని అడుగుతాము. ఈసారి ఇంకొక మాట కూడా అడుగుదాము: నాయనా, నీవు ఎవరి పేర్ల మీద పని చేస్తున్నావు? నీ లెక్క తప్పితే, వారు ఎవరిని అడగాలి?