రాగిరేకుల మీద గ్రహణం

ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2, 3 తేదీల్లో, శ్రీకాకుళాన్ని ఆనుకుని ఉన్న అరసవల్లికి తెల్లవారకముందే జనం చేరుకుంటారు. పొద్దు పొడిచిన కాసేపటికి లేత కిరణాలు గోపురం దాటి, అనివెట్టి మండపం గుండా గర్భగుడిలోకి వెళ్లి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. అలా ఉండేది కొద్ది నిమిషాలే. మబ్బు పట్టిందంటే ఆ రోజుకి ఆ దర్శనం లేనట్టే. ఈ గుడిని 7వ శతాబ్దంలో తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని ప్రతీతి.

ఆ తేదీల వెనక ఒక లెక్క ఉంది. మార్చి 20-21 ప్రాంతంలో, సెప్టెంబరు 23 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. మొదటిదానికి పది రోజుల ముందూ, రెండోదానికి పది రోజుల తర్వాతా పొద్దు పొడిచే చోటు దాదాపు ఒకటే, తూర్పుకి కాస్త దక్షిణంగా. అందుకే ఆ వెలుగు ఏడాదికి రెండు విడతలు ఒకే దారిన లోపలికి వస్తుంది. సూర్యుడి నడకను ఇంత దగ్గరగా గమనించిన ఈ నేల మీద, గ్రహణం అనగానే గుళ్ల తలుపులు మూసి, విడుపు తర్వాత సంప్రోక్షణ చేసి తెరుస్తారు. మరి పూర్వులు సూర్యుణ్ణి రాహువు మింగుతాడని నిజంగా నమ్మారా? నమ్మితే ఏ అర్థంలో నమ్మారు?

ఈ ప్రశ్నకి శ్రీకాకుళం చుట్టుపక్కల జిల్లాల మట్టిలోనే కొంత సమాధానం దొరికింది. గాంగుల రాజధాని కళింగనగరం వంశధార ఒడ్డున ఉన్న నేటి ముఖలింగమేనని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. శ్రీకాకుళం, టెక్కలి, ఆలమండ లాంటి చోట్ల ఆ రాజుల రాగిరేకులు బయటపడ్డాయి. సన్నటి రేకులు, ఒక పక్క బెజ్జం, అందులోంచి దూర్చిన కడియం, దాని మీద రాజముద్ర. ముందు మహేంద్రగిరి మీది గోకర్ణస్వామి స్తుతి, తర్వాత దానమిచ్చిన ఊరి పేరు, పుచ్చుకున్నవాడి గోత్రం, పొలిమేరలు. ఏ సందర్భంలో ఇచ్చారో కూడా చెక్కి ఉంటుంది. కొన్నింటిలో అది ఉత్తరాయణం. కొన్నింటిలో గ్రహణం.

గ్రహణం పట్టు నుంచి విడుపు దాకా కలిపి కొద్ది గంటలే. ఆ లోపలే రాజు స్నానం చేయాలి, దానం పుచ్చుకునేవాడు ఎదురుగా ఉండాలి, నీళ్లు ధారపోయాలి, సాక్షులు ఉండాలి. ఆకాశం ఉన్నట్టుండి నల్లబడితే బెంబేలెత్తి పరుగులు తీసే మనుషులు చేసే పని కాదిది. వేళ ముందే తెలిసినవాళ్లు, ఆ వేళ కోసం ఏర్పాట్లు చేసుకున్నవాళ్లు చేసే పని. ఆస్థానంలో గణితం తెలిసిన జ్యోతిష్కుడు లేకుండా ఇది కుదరదు.

ఆ గ్రహణాలు తర్వాతి వాళ్లకి మరో మేలు చేశాయి. తొలి గాంగుల శాసనాల్లో ఉండేది వాళ్ల సొంత శకం. ఫలానా ఏడు అని అంకె ఉంటుంది గానీ, అది క్రీస్తుశకంలో ఏ ఏడో వాటిల్లో ఉండదు. చరిత్రకారులు శాసనాల్లోని గ్రహణాలను, తిథులను వెనక్కి లెక్కగట్టి ఆ శకం 5వ శతాబ్దం చివర్లో మొదలైందని తేల్చారు. వి.వి. మిరాశీ లెక్క ప్రకారం అది 498. మిగిలినవాళ్లు కొద్ది ఏళ్లు అటూ ఇటూ చెప్పారు. పుణ్యం కోసం చెక్కించిన మాట వెయ్యేళ్లు దాటాక చరిత్రకి కాలమానంగా పనికొచ్చింది.

ఆ 498కి పక్క ఏడాదే, 499లో, ఆర్యభటుడు తనకి ఇరవైమూడేళ్లని తన గ్రంథంలో చెప్పుకున్నాడు. సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడని, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుందని ఆయన అందులో సూటిగా రాశాడు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో రాహువు కోసం ఒక అధ్యాయమే కేటాయించి, గ్రహణానికి అసలు కారణం నీడేనని వాదించాడు. అంటే గాంగ రాజులు గ్రహణవేళ ఊళ్లు దానమిస్తున్న కాలానికే ఈ దేశంలో గ్రహణం గుట్టు తెలిసిపోయింది.

అయితే ఆ తెలివిడిని అందరూ నిశ్శబ్దంగా ఒప్పుకోలేదు. 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతం రాసిన బ్రహ్మగుప్తుడు వీళ్లిద్దరినీ తప్పుపట్టాడు. రాహువే లేడంటే వేదం, స్మృతులు చెప్పిన గ్రహణ స్నానదానాల మాటేమిటని ఆయన బాధ. బ్రహ్మ ఇచ్చిన వరం వల్ల రాహువు ఆ నీడలోకి ప్రవేశిస్తాడని సర్దిచెప్పాడు. లెక్క మాత్రం నీడతోనే కట్టాడు, అదీ గొప్పగా కట్టాడు. 11వ శతాబ్దంలో అల్ బిరూనీ ఇది చదివి, ఇంతటి పండితుడు ఇలా మాట్లాడాడేమిటని నొచ్చుకున్నాడు. బ్రహ్మగుప్తుడి ఇబ్బంది మాత్రం నిజమైనదే. కారణం తెలిసిపోయాక పవిత్రత మిగులుతుందా అన్నదే ఆయన ముందున్న ప్రశ్న. ఇవాళ్టి ఇళ్లలోనూ తండ్రీ కొడుకుల మధ్య నడిచే వాదం అదే.

రాహుకేతువులను గణితం తోసిపుచ్చలేదు, తనలో కలుపుకుంది. చంద్రుడి దారి సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీలు వాలుగా ఉంటుంది. రెండు దారులూ రెండు చోట్ల ఒకదాన్నొకటి దాటుతాయి. అమావాస్యనాడు చంద్రుడు ఆ కూడలికి దగ్గర్లో ఉంటేనే సూర్యగ్రహణం. లేకపోతే పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. నెలనెలా గ్రహణం రాకపోవడానికి కారణం ఇదే. ఆ రెండు కూడళ్లకే మన సిద్ధాంతులు రాహువు, కేతువు అని పేరు పెట్టుకున్నారు. అవి వెనక్కి జరుగుతూ పద్దెనిమిదిన్నర ఏళ్లకి పైగా తీసుకుని ఒక చుట్టు పూర్తిచేస్తాయి. ఉగాదికి కొనే పంచాంగంలో రాహుకేతువులు ఎప్పుడూ వక్రగతిలోనే, ఎప్పుడూ ఎదురెదురుగానే కనిపించేది అందుకే.

ఋగ్వేదం ఐదో మండలంలో స్వర్భానుడనే అసురుడు సూర్యుణ్ణి చీకటితో కప్పితే అత్రి మహర్షి తిరిగి వెలికితీసిన ప్రస్తావన ఉంది. అక్కడ భయం ఉంది, దాన్ని దాటించిన మనిషీ ఉన్నాడు. బాబిలోనియాలో రాజుకి గ్రహణం కీడు చేస్తుందని తోస్తే వేరొకణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టి, గడువు తీరాక చంపేసేవారు. అదే బాబిలోనియా లేఖకులు గ్రహణాలు 18 ఏళ్ల 11 రోజుల చిల్లర తేడాతో మళ్లీ వస్తాయని మట్టిపలకల మీది పాత లెక్కల్లోంచి పట్టుకున్నారు. భయమే వాళ్లచేత తరతరాలు ఆకాశాన్ని రాయించింది. ప్రాచీనులు భయపడ్డారు కాబట్టి అజ్ఞానులనడం ఎంత తప్పో, లెక్క తెలుసు కాబట్టి భయమే లేదనడమూ అంతే తప్పు.

బ్రహ్మగుప్తుడి ప్రశ్నకి ధర్మశాస్త్రంలోనే ఒక జవాబుంది. గ్రహణ స్నానం నైమిత్తిక కర్మ. అంటే ఒక సందర్భం వచ్చినప్పుడు చేసేది. పుట్టినప్పుడు పురుడు, పోయినప్పుడు మైల లాగా గ్రహణం ఒక నిమిత్తం. నిమిత్తం వెనక రాక్షసుడు ఉండాలన్న షరతేమీ లేదు. పైగా గ్రహణం కంటికి కనబడితేనే ఆ నియమాలన్నారు. మనకి కనిపించని గ్రహణానికి పాటింపు అక్కర్లేదని పంచాంగకర్తలు ఇప్పటికీ రాస్తారు. చూడటం మీద ఆధారపడ్డ ఆచారం, చూడనే కూడదన్న భయంగా మారడం విచారించాల్సిన సంగతి. కళ్లకి రక్షణ లేకుండా సూర్యుణ్ణి చూడకూడదు, నిజమే. అది ఏ రోజైనా కూడదు.

తెలుగు నేల మీద ఆకాశాన్ని శ్రద్ధగా చూసినవాళ్లున్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు, డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసినాయన, దాన్ని నడిపి 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోయిన శుక్ర సంక్రమణాన్ని పరిశీలించి లండన్‌కి రాసి పంపాడు. అంతకుముందు 1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ గ్రహణం ఐదు నిమిషాలకు పైగా నిలిచింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడ సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని చూశాడు. హీలియం అనే మూలకం బయటపడిన కథ ఆ గ్రహణంతోనే మొదలైంది.

1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు గురజాడ అప్పారావు విజయనగరంలో ఉన్నాడు. సంస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేసి, కళింగ చరిత్ర కోసం పాత రాతలు తిరగేసిన మనిషి. తోకచుక్క అరిష్టమని జనం అనుకుంటున్న వేళ ‘ముత్యాల సరములు’లో ఆయన దాన్ని ఆకాశం నుంచి వచ్చిన చుట్టంగా, సంఘ సంస్కరణకి గుర్తుగా ఆహ్వానించాడు. అదే ఏడు యూరప్‌లో, అమెరికాలో తోకచుక్క తోకలోని విషవాయువు భూమిని చుట్టేస్తుందని పత్రికలు చదివి బెదిరినవాళ్లు మందుబిళ్లలు కొనుక్కున్నారు. ఆ భయం పుట్టింది పురాణంలోంచి కాదు, వర్ణపట పరిశోధన వార్తల్లోంచి.

గ్రహణం నాడు ఆవకాయ జాడీ మీద గరికపోచ వేయడం వల్ల ఎవరికీ నష్టం లేదు. పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి చూసుకోవడం వల్లా లేదు. అడుగు చదునుగా ఉన్న రోకలి గ్రహణం లేని నాడూ నిలబడుతుందని మర్నాడే నిలబెట్టి తెలుసుకోవచ్చు. నాగావళిలోనో వంశధారలోనో విడుపు స్నానం చేసి పిడికెడు బియ్యం దానమివ్వడం గాంగుల నాటి నుంచి వస్తున్న మంచి పనే. నష్టమంతా గర్భిణిని కదలకుండా పడుకోబెట్టడంలో ఉంది. కూర తరగకూడదు, సూది పట్టకూడదు, మంచినీళ్లు తాగకూడదు అంటారు. బిడ్డకి పెదవి చీలితే గ్రహణం మొర్రి అని, తల్లి ఆ రోజు తప్పు చేసిందని ఊరంతా తేల్చేస్తుంది. పెదవి కలిసేది గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య. చాలామందికి కడుపుతో ఉన్నామని అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. వంశపారంపర్యం, పోషకాహార లోపం, పొగాకు, కొన్ని మందులు దానికి కారణాలు కావచ్చు గానీ చంద్రుడి నీడ కాదు. ఆపరేషన్‌తో ఆ చీలికని సరిచేస్తారు, బిడ్డ నెలల వయసులో ఉండగానే చేయించవచ్చు. ఉపవాస నియమం దగ్గరికొస్తే, పిల్లలకి, వృద్ధులకి, ఒంట్లో బాగాలేనివాళ్లకి ధర్మశాస్త్రం సడలింపు ఇచ్చింది. గర్భిణినీ ఆ జాబితాలో చేర్చే పంచాంగాలున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఆ మాట చదివి, కోడలికి వేళకి అన్నం పెట్టొచ్చు.