ఆయువు తీరిందని తేల్చేదెవరు?

గుండె హఠాత్తుగా ఆగి మనిషి కుప్పకూలితే ‘ఆయువు తీరింది’ అనుకోవడం పల్లెల్లో పరిపాటి. అయితే గుండె ఆగిన క్షణానికే మెదడు చనిపోదు. రక్తం అందక అది దెబ్బతినడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. దూరపు పొలానికి 108 అంబులెన్స్ అంతలోపు చేరడం అరుదు. ఆ వ్యవధిలో పక్కనున్నవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. చేతులతో ఛాతీని నొక్కి రక్తప్రసరణను కొంతవరకు నిలబెట్టవచ్చని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూపారు. అప్పటినుంచి ఆయువు తీరిందా లేదా అన్న ప్రశ్న వైద్యానిదే కాదు, ధర్మానిది కూడా అయింది.

ఎగశ్వాస మొదలైన మనిషిని మంచం మీదినుంచి దించి, నోట్లో తులసి తీర్థం పోయడం తెలుగు ఇళ్ల ఆచారం. ఉన్నట్టుండి పడిపోయిన మనిషిలో ఆ ఎగశ్వాస గుండె ఆగిందనడానికి గుర్తు కావచ్చు. గట్టి నేల ఛాతీ నొక్కడానికి అనువైనదే, కానీ స్పృహ లేనివారి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. అప్పుడు చేయవలసింది 108కి ఫోన్ చేయించి, ఛాతీ నడుమ రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి ఆనించి, 5–6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100–120 సార్లు నొక్కడం.

ఇది విధిరాతకు అడ్డుపడటమా? ఆయుర్వేద గ్రంథం చరక సంహిత విమానస్థానంలో ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా అని శిష్యుడు అగ్నివేశుడు గురువు ఆత్రేయుణ్ని అడుగుతాడు. దైవం, పురుషకారం రెండూ కలిస్తేనే ఆయుష్షు అని ఆత్రేయుడి జవాబు. మంచి ఇరుసు కూడా మోయలేని బరువుకు ముందే విరిగినట్టు అకాల మృత్యువూ ఉందంటాడు. విధిని పూర్తిగా నమ్మేవారికీ చేతులు కట్టుకు కూర్చునే వీలు లేదు. రాత ఏమిటో ముందుగా ఎవరికీ తెలియదు. పక్కనున్నవాడు సాయపడటం కూడా ఆ రాతలో భాగమే కావచ్చు. మడి, కులం, పరస్త్రీని తాకడమనే సంకోచాలకు ఆపద్ధర్మమే సమాధానం.

ఇలా నొక్కినా ఎక్కువమంది బతకరు. కర్మ మీదే అధికారం, ఫలం మీద లేదన్న గీతాబోధ ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: ప్రాణం దక్కకపోతే ఆ నేరం నొక్కినవాడిది కాదు. నింద భయం పోతేనే ఊళ్లో నలుగురు ముందుకొస్తారు.

ఈ ధర్మానికీ హద్దుంది. నయంకాని జబ్బుతో చివరి రోజుల్లో ఉండి, ఇంట్లోనే ప్రశాంతంగా పోవాలని కోరుకున్నవారి ఛాతీ నొక్కడం వారిని హింసించడమే. అక్కడ తులసి తీర్థమే తగినది. ఎదురుచూసిన మరణానికీ, అడ్డుకోగల మరణానికీ ఉన్న ఈ తేడాను ఊరివాళ్లకు విడమరచి చెప్పడం, ఛాతీ నొక్కడం నేర్పడంతో సమానమైన పని.